ఏదుపంది అవ్వ ముళ్ల గలగల

మండువేసవిలో వాగు ఎండిపోయింది. అడవి జంతువులన్నీ మిగిలిన ఒక్క మడుగు దగ్గరే చేరాయి. మధ్యాహ్నం కథ చెప్పేవారికి చల్లటి తడి ఇసుకలో చోటు. ఏళ్లుగా ఆ చోటు ఏదుపంది అవ్వది. కథలో చావో మంటో ఉంటే అవ్వ ముందుగా ఒళ్లు విదిలించి ముళ్లు గలగలలాడించేది. కథలో ఏం రాబోతోందో కూడా చెప్పేది. వినలేనివాళ్లు అవతలి గట్టుకు పోవచ్చు. ఎవరూ ఎగతాళి చేయకూడదు.

తడి ఇసుక మీద నక్క కన్నుపడింది.

"ఈ గలగల దేనికే ముసలీ? అందర్నీ పిరికివాళ్లను చేయడానికా? ఇవాళ కథ నాది!" అంటూ ఆ చోట్లో కూలబడి మొదలెట్టింది. "పోయినేడు కార్చిచ్చులో ఒక జింకపిల్ల..."

చూలుతో ఉన్న జింక ఒక్క ఉదుటున లేచి పరుగెత్తింది. ఆ పిల్ల దానిదే. ముళ్లపొదలో పడబోతుంటే అడవిదున్న అడ్డం నిలిచి ఆపింది.

"చూశారా పిరికిది!" నక్క పకపకా నవ్వింది.

అవ్వకు ఒళ్లు మండింది. "సరే, నేనూ ఒకటి చెబుతా. ఒక ఇనప ఉచ్చు. దాని పళ్ల మధ్య ఒక తోక..."

నక్క ఎగిరి బురదలో పడింది. సగం తోక ఉచ్చులో వదిలేసుకున్నది అదే. "ఆపు అవ్వా! ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఏమన్నావురా? మళ్లీ అను."

కోతులు పడీపడీ నవ్వాయి.

"నువ్వు అడగ్గానే నేను ఆపాను. జింక పరుగెడుతుంటే నువ్వు నవ్వావు. ఆ మంటలో ఇద్దరు మనవలను పోగొట్టుకున్నదాన్ని నేను. ఆ కథ దాచమని నేనెన్నడూ అనలేదు. ఏ దారిన పోతే బతుకుతామో పిల్లలకు తెలియాలి కదా!"

నక్క అవతలి గట్టుకు జారుకుంది. అవ్వ ముళ్లు గలగలలాడించి జింక వైపు తిరిగింది. "అమ్మా, ఇది మంట కథ. నీ బిడ్డ మాట వస్తుంది. చివర్లో తప్పించుకునే దారి ఉంది. వింటావా? దారి ఒక్కటే చెప్పమన్నా చెబుతా."

జింక అవతలి గట్టు వైపు చూసింది. "ఎప్పుడూ వెళ్లిపోయేదాన్ని. ఇవాళ ఉంటానవ్వా. కడుపులో ఉన్నదానికి ఆ దారి కావాలి. దున్నన్నా, కాస్త పక్కన నిలబడు."

అవ్వ కథ చెబుతుంటే జింక మధ్యలో ఒకసారి ఏడ్చింది. అవ్వ ఆగింది. జింక తలూపాక మళ్లీ అందుకుంది.

"రాళ్లగుట్టకు ఎడమగా, ఎండిన వాగు వెంట," కథ అయ్యాక జింక తనలో తాను అనుకుంది. తర్వాత మడుగులోకి దిగి కడుపునిండా నీళ్లు తాగింది.

అవతలి గట్టు మీంచి నక్క గొంతు సన్నగా వినబడింది. "అవ్వా, రేపటి కథలో ఉచ్చు ఉందా?"

"లేదులేరా. వచ్చి కూర్చో."

గాయపడ్డవాళ్ల ముందు గాయం కథ విప్పేవాడు, విప్పేముందు ఒక్క మాట చెప్పి తీరాలి.