గట్టు తవ్విన బొప్పన్న

తణుకులో పళ్ల డాక్టరు భానోజీరావు గారి ఆసుపత్రిలో, బుగ్గలు పట్టుకుని కూర్చునేవాళ్ల ఎదురుగా ఒక పెద్ద గాజు తొట్టె ఉంది. దానికి కామందు బొప్పన్న. జాతికి ఫ్లవర్‌హార్న్ చేప. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, పొగరు గుమ్మడికాయంత. మట్టికుండ ఆయన మేడ, దాని ముందున్న నాలుగు రాళ్ల వరుస ఆయన గట్టు. గట్టు దాటినవాడు బతికి బట్టకట్టలేదు. కుచ్చుతోకల గోల్డ్‌ఫిష్‌లు వస్తే తోకలు కొరికి చంపాడు, వేలెడంత టెట్రా చేపలు వస్తే ఫలహారం చేశాడు.

మిగిలింది పాచమ్మ ఒక్కతే. సక్కర్ చేప. ఒళ్లంతా గట్టి పెంకు కాబట్టి ఆయన పళ్లు దిగలేదు. గాజు మీది పాచి తింటూ, మూలనున్న మొద్దు కింద తలదాచుకునేది. పలకరించే దిక్కు లేక పాపం దాని ప్రాణం విసిగిపోయింది.

ఒకనాటి పొద్దున తొట్టె మీద ప్లాస్టిక్ సంచీ తేలింది. పాచమ్మ గుండె గంతులేసింది! లోపల ఆరు సిల్వర్ డాలర్ చేపలు. పళ్లేల్లా వెడల్పుగా, బొప్పన్న నోట్లో పట్టనంత ఉన్నాయి. చురుకైనవి, జట్టుగా తిరిగేవి. ‘ఇన్నాళ్లకి తగినవాళ్లని తెచ్చారు డాక్టరు గారు!’ అని మురిసిపోయింది.

అంతలో బయటినుంచి డాక్టరు గారి మాట వినబడింది. “ఇవీ చచ్చాయంటే ఇంక ఏ చేపనీ తేను.”

బొప్పన్న మొప్పలు విప్పాడు. “చూశావటే పాచమ్మా? మళ్లీ దిగబడ్డారు. ఆ సంచీ మూతి విప్పనీ, ఒక్కొక్కడి కన్నూ పీకేస్తాను!”

పాచమ్మకి చప్పున ఒక సంగతి తట్టింది. పోయినసారి తొట్టె కడిగి రాళ్లు అటూ ఇటూ పెట్టినప్పుడు, ఈ మహానుభావుడు తన ఇల్లేదో తెలియక రెండు రోజులు పిల్లిలా పడున్నాడు.

“కంగారెందుకండీ కామందు గారూ? సంచీలో నీళ్ల వేడి తొట్టెతో కుదరాలి కదా, పావుగంట దాకా సంచీ విప్పరు. ఈలోగా ఆ గట్టు తవ్వి నా మొద్దు దాకా కలిపేసుకోండి. వచ్చినోళ్లకి నిలబడ్డానికి జానెడు చోటు మిగలదు.”

“నీ మొద్దు ఇచ్చేస్తావా?”

“ముసలిదాన్ని, నాకెందుకండీ! మీరే ఏలుకోండి.”

ఊరికే వస్తుందంటే మావాడికీ ఇంకోటి అన్నట్టు, బొప్పన్న ఎగబడ్డాడు. నోటినిండా గులకరాళ్లు పట్టి ఉమ్మడం, మళ్లీ పట్టడం!

“ఇంకాస్త లోతుగా, కామందు గారూ! అదీ, అదీ!” పాచమ్మ తోక ఆడించుకుంటూ కేకలేసింది.

తవ్వగా తవ్వగా పునాది కదిలింది. మొదటి రాయి దొర్లింది. దాని మీద రెండోది పడింది. కుండ బోర్లాపడి దొర్లుతూ పోయి అవతలి మూల చేరింది. మొద్దు అడ్డం తిరిగింది. తొట్టెంతా బురదే! సరిగ్గా అప్పుడే సంచీ విప్పారు. ఆరు చేపలూ జలజలా దిగాయి.

నీళ్లు తేటపడేసరికి బొప్పన్న నడితొట్టెలో బిక్కచచ్చి నిలబడ్డాడు. మేడ లేదు, గట్టు లేదు. ఎక్కడినుంచి తరమాలో, ఎక్కడిదాకా తరమాలో తోచడం లేదు. కోపానికి కూడా ఒక హద్దురాయి కావాలి మరి!

పాచమ్మ మొద్దు చాటునుంచి తొంగిచూసింది.

సిల్వర్ డాలర్ల పెద్ద ముందుకొచ్చి, మర్యాదగా రెక్కలాడించింది. “దణ్ణవండీ. మేం ఇప్పుడే దిగామండి. ఇక్కడ ఎవరి చోటు ఎక్కడో మీకేమైనా తెలుసాండీ?”

బొప్పన్న అటు చూశాడు, ఇటు చూశాడు. బొప్పి కిందికి దించాడు.

“ఏమోనమ్మా,” అన్నాడు. “నేనూ కొత్తే.”

నీతి: పక్కవాడి చోటుకి ఆశపడి గట్టు తవ్వితే, ముందు చెరిగేది తన హద్దే.