రెండు గంటల కిందటి ఏరు

కొలత పరికరం ఏది చేయాలన్నా కేశవాచారి మాస్టారు ముందు ఒక కాగితం రాయించేవారు. అది ఎప్పుడు, ఎంత తప్పు చూపుతుందో లెక్కగట్టి రాస్తేగాని ఇత్తడి ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన వర్క్‌షాపు గోడకి ఒకే ఒక్క పటం ఉండేది. అది ఆయన డిగ్రీ అనుకునేవాళ్ళం శిష్యులందరం. దగ్గరికెళ్ళి చూసే ధైర్యం ఎవరికుంది?

మూడు వారాలుగా లెక్కలతోనే కుస్తీ పడుతున్న మస్తాన్ ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, చేసి చూస్తే తెలిసిపోతుంది కదండీ. ముందే ఈ లెక్కలెందుకు?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ పైడితల్లి సంగతి చెప్పారు.

పైడితల్లి ఆయన పాత శిష్యురాలు. ఏటి ఒడ్డున నీటిమట్టం కొలిచే ఏర్పాటు ఆమే చేసింది. అలల్లో మట్టం సరిగా తెలియదు గనక ఒడ్డున బావి తవ్వించి, సన్నటి గొట్టంతో ఏటికి కలిపింది. బావిలో తేలే బెండు పైనున్న ముల్లును తిప్పుతుంది. గొట్టం ఎంత సన్నమైతే బావిలో నీళ్ళు అంత నిలకడ, అంత ఆలస్యం. ఏరు ఒకే తీరున పెరుగుతుంటే ముల్లు రెండు గంటలు వెనకబడుతుందని తన కాగితంలో ముందే రాసుకుంది.

ఆ ఏడు వరద గంటకో అడుగు చొప్పున పెరిగింది. ఏట్లో పాతిన కొలతరాయి పొద్దున్నే మునిగిపోయింది. ముల్లు పద్నాలుగు అడుగులు చూపితే ఏటి మధ్య లంకలో ఉన్న జనం కోసం పడవలు పంపాలని రూలు. సాయంత్రం నాలుగింటికి పన్నెండున్నరే చూపింది. అయినా పడవలు పంపాల్సిందేనని పైడితల్లి పట్టుబట్టింది.

"పద్నాలుగు రాకుండా పడవలేంటమ్మా? నువ్వు పెట్టిన ముల్లే కదా!" అన్నాడు అధికారి.

"నేను పెట్టింది కాబట్టే చెబుతున్నానండి. అది రెండు గంటల కిందటి ఏరు. అసలు ఏరు ఈపాటికి పద్నాలుగున్నర. ఆరింటికి ఆ ముల్లే ఆ మాట చెబుతుంది. చెప్పకపోతే నా ఉద్యోగం తీసేయండి."

విసుక్కుంటూనే ఆయన పడవలు వదిలాడు. లంకలో ఆఖరి ముసలమ్మ తన మేకతో సహా ఒడ్డెక్కేసరికి ఆరైంది. ముల్లు పద్నాలుగున్నర మీద ఉంది. లంకలో ఇళ్ళ చూర్లు నీళ్ళలో ఉన్నాయి.

ఇది చెబుతుంటే మాస్టారి గొంతులో గర్వం దాగలేదు. దాచుకోవాలని ఆయనా చూడలేదు.

"అయితే ఆ పరికరం తప్పు చెప్పిందన్నమాట," అన్నాడు మస్తాన్.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని గోడవైపు చెయ్యి చూపారు.

"ఆ పటం నా డిగ్రీ అనుకుంటున్నారు కదూ మీరంతా? దగ్గరికెళ్ళి ఆ కాగితంలో లెక్క చదువు. కింద సంతకం ఎవరిదో కూడా చూడు."