గాలి ఆడని బొరియ

అనగనగా ఒక అడవిలో ఏరు పొంగింది పిల్లలూ. ఒడ్డునున్న ఎలుకల బొరియలన్నీ నీట మునిగాయి. పాపం, ఎలుకలన్నీ గుట్ట మీదున్న పోలయ్య తాత బొరియలోకి చేరాయి. ఒక్క కుటుంబం పట్టే చోట ఊరంతా ఇరుక్కుంది. జల్లు కొడుతోందని ఉన్న కంతలన్నీ మట్టితో మూసేశారు. ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీల్చేవారు.

ముందు ముత్యాలవ్వ దగ్గింది. "ఏముందిలే, పొడి దగ్గు" అంది. చిక్కి సగమై కన్నుమూసింది. ఆమె పక్కన పడుకునే గవరయ్యకూ దగ్గొచ్చింది. చెబితే వెళ్లగొడతారని నోరు మెదపలేదు. అతనూ పోయాడు. ఆ తర్వాత రంగికి మొదలైంది.

రంగికి పొన్ని అనే పసికూన ఉంది. రంగి ఎవరికీ వినబడకుండా గడ్డిలో మూతి దూర్చి దగ్గేది. ఒకనాడు గడ్డి మీద నెత్తురు పడింది.

"ఏంటమ్మా అది?" అంది పొన్ని, దగ్గరికి జరుగుతూ.

రంగి చప్పున వెనక్కి జరిగింది. తిన్నగా పోలయ్య దగ్గరికెళ్లి, "తాతా, దగ్గితే నెత్తురు పడుతోంది" అని చెప్పేసింది.

"తరిమెయ్యండి దాన్ని!" అని అరిచారు కొందరు.

పోలయ్య వాళ్లను ఊరుకోమని, ఆకువైద్యం తెలిసిన తాబేలును పిలిపించాడు. తాబేలు అందరినీ పరీక్షించి చూసింది.

"ఈమెను తరిమితే రేపు మీలో ఇంకెవరూ నిజం చెప్పరు" అంది. "ముందు కంతలు తెరవండి. వేరే బొరియలు తవ్వుకోండి. రంగీ, నీ పిల్లకు ఇంకా అంటలేదు. నువ్వు కొన్నాళ్లు విడిగా ఉండు. తగ్గినట్టున్నా నేనిచ్చే ఆకుమందు మానకు."

రంగి ఎదుటి గట్టు మీదికి వెళ్లిపోయింది. రోజూ పొన్ని ఇవతలి నుంచి, "అమ్మా, ఇవాళ రానా?" అని అడిగేది.

"వద్దు తల్లీ" అని రంగి అటు తిరిగి ఏడ్చేది. పక్కన పిల్ల లేక నిద్ర పట్టేది కాదు. ఒంట్లో కాస్త బలమొచ్చాక, మందు పారేసి పరుగున వెళ్లిపోదామా అనిపించేది. పొన్ని కూడా దగ్గుతున్నట్టు ఊహించుకుని, ఆ చేదు గుటుక్కున మింగేసేది.

ఎన్నాళ్లకో తాబేలు, "ఇక వెళ్లమ్మా" అంది.

కొత్త బొరియ ముందు ఎండలో కూర్చున్న ఎలుకపిల్లను చూసి రంగి ఆగిపోయింది. ఎంత ఎదిగిపోయింది! పొన్ని తేరిపార చూసింది. మెల్లగా వచ్చి అమ్మ మెడలో మూతి దూర్చింది.

"అమ్మా, నీ వాసన మరిచిపోతానేమోనని భయమేసింది" అంది.

నీతి: జబ్బును దాస్తే మనవాళ్లకే అంటుతుంది. జబ్బుపడ్డవారిని తరమకుండా గాలీ వెలుతురూ ఇచ్చి, చివరిదాకా మందు వాడిస్తే అందరూ బతుకుతారు.