మూడు రోకళ్ళ పోటు

అడిగినవానిని వెంటబెట్టుకొని నడవడమే తప్ప, కూర్చున్న చోట సమాధానం చెప్పే అలవాటు చిదంబరయ్యగారికి లేదు. వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. వేదాద్రికీ తెలుసు. అందుకే తన ప్రశ్నను మూడు రోజులు మనసులో దాచుకొని, నాలుగవనాటి ఉదయం గాని బయటపెట్టలేదు.

"అయ్యా, నా గుండె లయ తప్పినప్పుడు విశాఖలో వైద్యులు షాకిచ్చి దానిని దారికి తెచ్చారు. నాలుగు నెలలైంది. నాడి పట్టి చూసుకుంటే ఒక్క దెబ్బ కూడా తప్పడం లేదు. అయినా లయ చెదరకుండా ఒక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర మింగుతూనే ఉన్నాను. బాగుపడినవానికి మందెందుకు? నేటినుంచి మానివేయడానికి అనుజ్ఞ ఇవ్వండి."

నువ్వు రోగివని ఆ మాత్రలు దినానికి రెండు మార్లు గుర్తుచేయడమే వేదాద్రికి దుర్భరంగా ఉంది. ఆ మాట మాత్రం అతను చెప్పలేదు.

గురువుగారు చేతికర్ర అందుకొని లేచారు. "పాకలో పసుపు దంచుతున్నారు. చూసి వద్దాం."

పాకలో ఒకే రోట్లో ముగ్గురు స్త్రీలు మూడు రోకళ్ళతో పోటు వేస్తున్నారు. ఒకటి దిగితే ఒకటి లేవాలి, మూడవది గాలిలో ఉండాలి. వీరు గుమ్మంలో అడుగుపెట్టేసరికి కర్రకు కర్ర తగిలి ఠక్కుమంది. వరస తప్పింది చిన్నదైన నీలవేణి చెయ్యి.

"ఆపండే!" అంది పెద్దదైన గవరమ్మ. ముగ్గురూ రోకళ్ళు దించి, ఊపిరి తీసుకొని, మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి గవరమ్మ ప్రతి పోటుకూ "హుఁ" అని కూతపెడుతోంది. దంపు కుదిరింది. వంద పోట్లు దాటినా ఆమె నోరు ఆగలేదు.

"ఏటత్తా, నాను పసిపిల్లననుకుంటన్నావేటి?" అంది నీలవేణి. "కుదిరిపోనాదిగా. ఇంక ఆ కూత ఆపు, చెవులు గింగురుమంటన్నాయి."

"కుదిరింది నీ చెయ్యా, నా కూతా?"

"నా చెయ్యే!"

"ఒకపాలి తప్పిన చెయ్యి. మల్లీ తప్పేటప్పుడు నీకు సెప్పి తప్పుద్దేటి?"

మూడవ ఆమె ఫక్కున నవ్వింది. నీలవేణి బతిమాలింది, గడ్డం పట్టుకోబోయింది. చివరికి గవరమ్మ విసుగెత్తి నోరు మూసుకుంది.

దంపు చక్కగా సాగింది. తెలియకుండానే వేదాద్రి వేళ్ళు తన మణికట్టుమీదికి పోయాయి. లోపలి దెబ్బా బయటి దెబ్బా రెండూ సమంగానే ఉన్నాయి. తన మాటే నెగ్గిందన్న తృప్తితో అతను గురువుగారివైపు చూశాడు. గురువుగారు నీలవేణి చేతినే చూస్తున్నారు. వేదాద్రీ అటే చూపు తిప్పాడు.

అంతలో రెండు రోకళ్ళు ఒక్కసారే దిగాయి. నీలవేణి కెవ్వుమంది. రెండు కర్రల మధ్య ఆమె బొటనవేలు నలిగింది. తప్పబోతున్నట్టు ఆమె ముఖంలో గాని, చేతిలో గాని అంతకుముందు ఏ జాడా లేదు. వేదాద్రి చూస్తూనే ఉన్నాడు. గవరమ్మ రోట్లోని పసుపే గుప్పెడు తీసి వేలికి అదిమి, తన కొంగు చింపి కట్టింది.

ఇద్దరూ బయటకు వచ్చి ఏటి ఒడ్డు వెంట నడిచారు. వేదాద్రి చెయ్యి మణికట్టును వదలలేదు, కాని ఇప్పుడు ఆ పట్టులో ధీమా లేదు.

"ఆ పెద్దావిడ కూత ఆపకుండా ఉండవలసింది, అయ్యా," అన్నాడు చివరికి.

చిదంబరయ్యగారు నడక ఆపలేదు.

"ఆపమని బతిమాలింది ఆ చెయ్యే కదా, నాయనా."