మూడు నంబర్లు

బందరు చిలకలపూడిలో సోమలింగాచారి అనే గిల్టు నగల పనివాడు ఉండేవాడు. చేతిపనిలో ఎంత నేర్పరో, మనుషుల దగ్గర అంత అనుమానపు మనిషి.

అతని అసలు ఆస్తి దుకాణం వెనక గదిలో ఒక పెట్టెలో ఉండేది. అవి తండ్రి చెక్కిన ఉక్కు అచ్చులు. వాటిమీద పల్చని రేకు పెట్టి కొడితే ఆకులూ, హంసలూ, మామిడిపిందెలూ లేచేవి. అంత సన్నగా చెక్కేవాళ్ళు ఇప్పుడు ఆ వీధిలో ఎవరూ లేరు.

పక్క దుకాణం మోహనాచారిది. వరసకు బావ, చేసేది అదే పని. ఒకసారి అతని అద్దాల బీరువాలో హంస పతకం చూశాడు సోమలింగాచారి. అది తన తండ్రి చేతి హంసే. బావ తన అచ్చు చాటుగా తీసుకెళ్ళి నకలు చేయించాడని అక్కడికక్కడే నమ్మేశాడు. అడగను కూడా అడగలేదు.

"ఇకమీదట నా గుమ్మం తొక్కకు" అన్నాడు ఆ పతకం వైపు వేలు చూపిస్తూ.

"గుమ్మం నీది. తొక్కనులే" అన్నాడు మోహనాచారి.

కొన్నాళ్ళకు వీధి చివరి దుకాణంలో దొంగలు పడ్డారు. సోమలింగాచారి అలారం పెట్టించుకోవాలనుకున్నాడు. విజయవాడ నుంచి కంపెనీ మనిషి వచ్చి రెండు రకాలు చూపించాడు. తలుపు కదిలితే ఒకటి వీధంతా వినపడేలా సైరన్ మోగిస్తుంది. రెండోది చప్పుడు లేకుండా ఫోన్లకు కబురు చేస్తుంది.

"రెండూ కలిపి పెట్టించుకోండి సార్" అన్నాడు.

"సైరన్ వద్దు. అది మోగితే వీధి వీధంతా లోపలికొచ్చి పడుతుంది. దొంగ వదిలేసింది వాళ్ళు చూసుకుపోతారు."

"అయితే మూడు నంబర్లివ్వండి. మీదొకటి, చుట్టుపక్కల వాళ్ళవి రెండు."

సోమలింగాచారి తన ఫోనులోని రెండు నంబర్లూ చెప్పి, మూడోది భార్య కామాక్షిది చెప్పాడు.

"మూడూ ఒకే ఇంట్లోవి కదా సార్. మీరు ఊళ్ళో లేకపోతే?"

"నేనెక్కడున్నా ఫోను నా జేబులోనే ఉంటుంది."

"మోహనన్నయ్య నంబరు ఇవ్వరాదూ? గోడ అవతలే ఉంటాడు" అంది కామాక్షి లోపలినుంచి.

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టే" అన్నాడు అతను.

శ్రావణంలో మొక్కు తీర్చుకోవడానికి దంపతులిద్దరూ తిరుమల వెళ్ళారు. ఊరెళుతున్నట్టు ఎవరికీ చెప్పవద్దని భార్యకు గట్టిగా చెప్పాడు. కొండమీద దర్శనానికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. రెండు ఫోన్లూ ఒకే సంచిలో వేసి కౌంటరులో ఇచ్చారు. వరుసలో నిలబడ్డాక అతని చెయ్యి మాటిమాటికీ జేబు తడుముకుంది.

"జేబులోనే ఉంటుందన్నారుగా" అంది కామాక్షి.

దర్శనం చేసుకుని వచ్చి సంచి విప్పేసరికి ఫోను నిండా అలారం కబుర్లే. మొదటిది మధ్యాహ్నం వచ్చింది. ఇప్పుడు దీపాలు పెట్టే వేళ. కామాక్షి మోహనాచారికి ఫోను చేసింది. అతను చూసి వచ్చి చెప్పాడు.

"వెనక తలుపు విరగ్గొట్టారమ్మా. నగలు గిల్టువని చెల్లాచెదురుగా పారేసిపోయారు. ఇనుప సామానున్న పెట్టె మాత్రం లేదు."

మర్నాడు వాళ్ళు ఇల్లు చేరేసరికి పోలీసులు పాత ఇనుము కొట్లన్నీ వెతికేశారు. అచ్చులు అప్పటికే తూకానికి పోయి, కొలిమిలో కరిగిపోయాయి.

మోహనాచారి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పక్కనే ఉన్నావు. చప్పుడు వినపడలేదా?" అన్నాడు సోమలింగాచారి.

"ఎందుకు వినపడలేదు? దబదబా కొట్టారు. నువ్వే పని చేసుకుంటున్నావనుకున్నాను. ఊరెళుతున్నానని చెప్పావా? గుమ్మం తొక్కవద్దన్నావు. ఇంకేమని వచ్చి చూడమంటావు?"

మోహనాచారి తన దుకాణంలోకి వెళ్ళి, గుడ్డలో చుట్టిన అచ్చు ఒకటి తెచ్చి గడపమీద పెట్టాడు.

"మీ నాన్న నా పెళ్ళికి చెక్కి ఇచ్చాడు. ఆయన చేతిది ఇక ఇదొక్కటే. నీ దగ్గరుంచుకో. అప్పుడే అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి."

సోమలింగాచారి దానిమీద రేకు పెట్టి కొట్టాడు. లేచిన హంస ఎడమకు చూస్తోంది. కింద పడున్న తన పతకం తీసి పక్కన పెట్టాడు. దానిమీది హంస కుడికి చూస్తోంది. తండ్రి చెక్కింది జంటను. అనుమానంతో చూసిన కంటికి అంత తేడా కూడా ఆనలేదు.

ఆ వారమే కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు.

"సైరన్ కూడా పెట్టు. మొదటి నంబరు మా బావది రాసుకో" అన్నాడు సోమలింగాచారి.

"మోగితే గుమ్మం తొక్కాలి మరి" అన్నాడు మోహనాచారి బయటినుంచి.

"ఇప్పుడే తొక్కు బావా. లోపలికి రా."

అలారం పిలవడం వరకే చేస్తుంది, రావలసింది మనిషే. అందుకే ఇంటికి కాపలా పెట్టుకునేవాడు ముందు పిలిస్తే పలికే పొరుగును నిలుపుకోవాలి.