బండాపమ్మ వెలసిన గుమ్మిలోవ హాల్టు

నగరం చివర, కొత్త కాలనీల వెనుక, పట్టాలు లేని ప్లాట్‌ఫారం ఒకటి నేటికీ ఉన్నది. ఒకప్పుడు టికెట్లిచ్చిన గదిలోనే ఇప్పుడు బండాపమ్మ తల్లి కొలువై ఉన్నది. రైళ్లు రావడం మానేసి పదిహేనేళ్లయినా, ఉదయం ఏడున్నర బండి వేళకు పెద్దవాళ్లు కొందరు అలవాటుగా వచ్చి ఇక్కడి సిమెంటు బల్ల మీద కూర్చుంటారు.

పూర్వం ఇక్కడ బండి ఆగేది కాదు. పొగబండ్ల కాలమది. చుట్టుపక్కల తోటల ఆడవాళ్లు కూరగాయల గంపలు నెత్తిన పెట్టుకొని, పట్టాల వెంబడే ఎనిమిది మైళ్లు నడిచి పట్నం చేరేవారు. ఆ లైను మీద పనిచేసే గౌరన్న అనే కూలీ ఒకనాడు కట్ట పక్కన తవ్వుతుండగా, గడ్డపారకు చిన్న అమ్మవారి విగ్రహం తగిలింది. కడిగి, పసుపు రాసి, తుమ్మచెట్టు నీడన నిలిపాడు. మర్నాటి తెల్లవారుజామున తల్లి కలలో కనిపించి, "నాకు గుడి వద్దురా. నా బిడ్డల నెత్తిన బరువు చూడలేకున్నాను. బండి ఆపించు" అన్నదట.

గౌరన్న పై అధికారికి మొరపెట్టుకున్నాడు. ఆయన నవ్వి పంపేశాడు.

శ్రావణమాసంలో ఒక ఉదయం, నిండు చూలాలు పైడమ్మ గంపతో నడుస్తూ విగ్రహం ఎదుటే నొప్పులతో కూలబడింది. దూరాన బండి కూత వినిపించింది. పట్టాల మీద ప్రమాదం లేనిదే బండి ఆపితే ఉద్యోగం పోతుందని గౌరన్నకు తెలుసు. అయినా ఎర్రజెండా పట్టుకొని ఎదురు పరుగెత్తాడు. బండి ఆగింది. పట్నం ఆసుపత్రిలో పైడమ్మ క్షేమంగా ఆడపిల్లను కన్నది.

"లైను మీద ఏం ప్రమాదం చూశావు?" అని విచారణలో ఆ పై అధికారే గద్దించాడు.

"లైను మీద కాదు బాబూ, పక్కన. రోజూ ఉంటాది. ఒక్కపాలి వొచ్చి సూడండి" అన్నాడు గౌరన్న.

ఉద్యోగం పోయింది. కాని ఆ అధికారి మర్నాడు నిజంగానే వచ్చాడు. గంపలతో సాగిపోతున్న నలభైమంది స్త్రీలను చూసి, ఇక్కడ బండి ఆగాలని పైవాళ్లకు రాశాడు. ఏడాది తిరగకముందే ఇక్కడ హాల్టు వెలిసింది. మొదటి బండి ఆగిన రోజున పైడమ్మ తన బిడ్డను తెచ్చి గౌరన్న చేతుల్లో పెట్టింది. అమ్మవారికి బండాపమ్మ అన్న పేరు ఆనాటిదే. గౌరన్న కడదాకా ఆమె పూజారిగానే ఉండిపోయాడు.

యాభై ఏళ్ల తరువాత లైను వేరే దారికి మళ్లి హాల్టు మూతపడింది. ఆఖరి బండికి ఆడవాళ్లు గంపల నిండా బంతిపూలు తెచ్చి చల్లారు. ఆ వాసన ఇంకా ముక్కుకు తగులుతుందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గౌరన్న మనుమరాలు రాములమ్మ నేటి పూజారిణి. నెలలు నిండిన స్త్రీలు ఆమె వద్దకు వచ్చి దర్శనం చేసుకుంటారు. హారతి అయ్యాక ఆమె వారిని ప్లాట్‌ఫారం అంచు వరకు నడిపించి, పచ్చజెండా విప్పి ఊపుతుంది. "లైను కిలీరు తల్లీ, సుకంగా ఎల్లిరా" అంటుంది.