మేకకొచ్చిన జర్మను

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక రేవూళ్ళో ఎల్లాజీ అని ఓడ మెకానిక్కు ఉండేవాడు. ఊఁ కొడుతూ వినాలి, సరేనా అమ్మలూ? ఓడెక్కి తిరిగి తిరిగి, జర్మనీ దేశంలో హెడ్విగ్ అనే పిల్లని పెళ్ళాడి తీసుకొచ్చాడు. ఆ పేరు మనవాళ్ళకి నోరు తిరగక ఎడివమ్మ అనేశారు. ఆవిడ చీర కట్టడం నేర్చుకుంది, చేపల పులుసు నేర్చుకుంది, తెలుగు నేర్చుకుంది. మనవాళ్ళేమో ఆవిడ మాట ఒక్కటంటే ఒక్కటి నేర్చుకోలేదు.

అప్పుడు ఎడివమ్మకి ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం అని పేరు పెట్టారు. ఉయ్యాల ఊపుతూ ఎడివమ్మ అనుకుందీ, "నా వాళ్ళంతా సముద్రానికి అవతల ఉండిపోయారు. ఈ ఊళ్ళో నా మాట మాట్లాడే మనిషి ఈ పిల్లే అవ్వాలి" అని. అందుకే జర్మనులోనే ముద్దులాడేది, జర్మనులోనే జోకొట్టేది. పాపం, ఆవిడకి ఇంకో కోరికే లేదు.

ఆ తర్వాత పిల్లకి మాటలొచ్చాయి. ఆ దేశంలో పిల్లలు అమ్మని "మామా" అని పిలుస్తారట. నూకరత్నం వీధి గుమ్మంలో నిలబడి, "మామా! మామా!" అని తల్లిని పిలిచింది. ఇంకేముంది! వీధి వీధంతా పడీ పడీ నవ్వింది.

"ఓలమ్మా! కన్నతల్లిని మామ అంటాదేటే ఈ పిల్ల!"

నాయనమ్మ పైడమ్మకి తల కొట్టేసినట్టయింది. "అమ్మా అను, అప్పుడే బువ్వ" అంది. పిల్ల "అమ్మా" అంది. ఎడివమ్మ అందరితో పాటు నవ్వి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ తర్వాత పిల్ల బడికెళ్ళింది. సగం ఆ మాట, సగం ఈ మాట కలిపి మాట్లాడేది. పంతులుగారు ఎల్లాజీని పిలిపించి, "రెండు భాషలు కలిపి పిల్ల బుర్ర పాడుచేస్తున్నారు, ఒకటి మానెయ్యండి" అన్నారు. ఏది మానాలో ఎవరూ అడగలేదు. ఎల్లాజీ మంచివాడే. మంచివాడు కాబట్టే, "పోనీలే, దాని చదువు కోసమే కదా" అన్నాడు.

అయినా ఎడివమ్మ చాటుగా జర్మనులో ఏదో ఒకటి అడిగేది. పిల్ల తెలుగులో జవాబు చెప్పేది. చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకనాడు సంతలో, "అమ్మా, అందరూ సూస్తన్నారు, ఊరుకో" అంది. ఎడివమ్మ ఊరుకుంది. పెరిగేకొద్దీ పిల్ల ఆ మాటలన్నీ మర్చిపోయింది.

ఆ తర్వాత నూకరత్నానికి పెళ్ళయింది. ఎల్లాజీ పోయాడు, పైడమ్మా పోయింది. నూకరత్నం మొగుణ్ణి తీసుకుని తల్లి దగ్గరికే వచ్చేసింది. ఆమెకీ ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పుడు ఎడివమ్మకి చచ్చిన ఆశ మళ్ళీ లేచొచ్చింది. మనవరాల్ని ఒళ్ళో వేసుకుని జోల అందుకుంది. నూకరత్నం వంటింట్లోంచి పరుగున వచ్చి పిల్లని లాక్కుంది.

"వద్దమ్మా. నన్ను సూసి నవ్వినట్టు దీన్ని సూసీ నవ్వుతారు."

నిజమే కదా మరి. నాకు నూకరత్నం మీద కోపం రాదమ్మలూ. ఆ నవ్విన వీధి మీద వస్తుంది.

అప్పుడు ఎడివమ్మ ఒక మేకపిల్లని తెచ్చుకుంది. సాయంత్రం దడి దగ్గర నిలబడి, "కోమ్! కోమ్!" అని కేకేసేది. అంటే రావే, రావే అని. అది చెంగున వచ్చేది. దాన్ని దగ్గరికి తీసుకుని, చెవిలో గుసగుసగా ఏవేవో చెప్పుకునేది. వాళ్ళమ్మ వంటింటి సంగతులో, మంచు కురిసిన వీధుల సంగతులో! కూతురికివ్వాలని దాచుకున్నదంతా మేక చెవిలో పోసింది. ఊరు మళ్ళీ నవ్వింది. మేక మాత్రం నవ్వలేదు.

ఒక వానాకాలం ఎడివమ్మకి జ్వరమొచ్చింది. ఆ జ్వరంలో తెలుగంతా జారిపోయింది. కూతురి చెయ్యి పట్టుకుని జర్మనులో ఏదో చెప్పింది. మళ్ళీ చెప్పింది. నూకరత్నం నీళ్ళు పట్టింది, దుప్పటి కప్పింది, ఫ్యాను ఆపింది. ఏదీ కాదని తల ఊపుతూ ఊపుతూనే ఎడివమ్మ కన్ను మూసింది. అదేం మాటో ఎవరికీ తెలీదు. ఇంక తెలిసే దారీ లేదు.

ఆ తర్వాత మేక ఇంటికి రావడం మానేసింది. నూకరత్నం వెతుక్కుంటూ సరుగుడు తోటకి వెళ్ళింది. "రా, రా" అంది. మేక తల ఎత్తలేదు. ఆకు చూపించింది. కదల్లేదు. అప్పుడు నూకరత్నం ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే, "కోమ్!" అంది.

మేక పరుగెత్తుకొచ్చింది. ఆమె మోకాలికి తల ఆనించి, చెవి నిక్కించి నిలబడింది. నూకరత్నం దాని పక్కన కూలబడి, మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర నోరు పెట్టింది. తల్లి గట్టిగా కేకేసిన ఆ ఒక్క మాటే ఆమెకి తెలుసు. గుసగుసగా చెప్పినవేవీ తెలియవు. మేక చెవి అలాగే పెట్టుకుని, తర్వాతి మాట కోసం నిలబడే ఉంది.

అంతే అమ్మలూ. ఇంకేం లేదు. కళ్ళు మూసుకో.

కథ చేరె కంచికి,
మాట చేరె మట్టికి,
మనం చేరాం ఇంటికి,
నిద్రా, రావే కంటికి.